నాలుగు డిస్కులలో ఏ మూడు? ఒక రెయిడ్ అర్రే నుంచి డేటాను వెలికితీసిన వివరం

అనేక హార్డ్‌డిస్కులను కలిపి ఒకే పెద్ద డిస్కులా వాడుకునే ఏర్పాటును రెయిడ్ అర్రే అంటారు. అందులో ఒక రకమైన రెయిడ్ 5 అర్రేలో రెండు డిస్కులు పోతే డేటా కూడా పోయినట్టేనని అందరూ చెబుతారు. లెక్క ప్రకారం అది నిజమే. అయితే రెండు డిస్కులూ ఒకే క్షణంలో పనికిరాకుండా పోవడం అరుదు. ఒకటి ముందు, ఇంకొకటి ఎన్నో రోజుల తర్వాత అర్రే నుంచి బయటపడతాయి. ఏది ఎప్పుడు బయటపడిందో ఆ డిస్కుల మీదే రాసి ఉంటుంది. ముందు ఆ రాతను చదివి, కాగితం మీదకు ఎక్కించుకొని, ఆ తర్వాతే అర్రే మీద చేయి వేస్తే చాలా సందర్భాలలో డేటా దక్కుతుంది. తిరుపతిలో తిలక్ రోడ్డు దగ్గర ఉన్న ఒక ఫోటో, వీడియో స్టూడియో అర్రేను ఇలాగే తిరిగి నిలబెట్టగలిగాము. ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఆ పనిని వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ఆ అర్రేలో ఉన్నది పెళ్లి వీడియోలు మాత్రమే కాదు. స్టూడియో యజమాని టేపు కెమెరాల కాలం నుంచి ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరను చిత్రీకరిస్తూ వచ్చారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, ఏ రోజు వేషం ఆ రోజు పేరుతో సంవత్సరాల వారీగా ఫోల్డర్లలో ఉన్నాయి. ఆ వేషాలు కట్టిన పెద్దలలో కొందరు ఇప్పుడు లేరు. "అన్నీ దాంట్లోనే ఉండాయి నాయనా. టేపులు మళ్లీ మళ్లీ వాడేసినాము, ఒకటీ మిగల్లేదు" అని ఆయన చెప్పినప్పుడు, ఈ పనిలో తొందరపాటుకు చోటు ఉండకూడదని నిశ్చయించుకున్నాను. మన ఊరి జాతర ఇరవై ఏళ్ల కిందట ఎలా జరిగిందో చూపించే దృశ్యాలు ఇలాంటి చిన్న స్టూడియోలలో తప్ప మరెక్కడా ఉండవు.

యంత్రం విషయానికి వస్తే, అది డెబియన్ లినక్స్ మీద నడిచే మామూలు కంప్యూటరు. అందులో 4 టెరాబైట్ల డెస్క్‌టాప్ రకం హార్డ్‌డిస్కులు నాలుగు ఉన్నాయి. ఎండీఆడమ్ అనే ఉపకరణంతో వాటిని రెయిడ్ 5గా కట్టి, దాని మీద ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ వేశారు. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ తమ పరిశోధన పత్రంలో వర్ణించిన అమరికలలో ఇది అయిదవది. నాలుగు డిస్కులున్నప్పుడు ప్రతి స్ట్రైప్‌లో (డిస్కులన్నింటి మీదా ఒకే చోట పడే ముక్కల వరుసలో) మూడు ముక్కలు డేటా, నాలుగో ముక్క పారిటీ. డేటా ముక్కలు మూడింటినీ ఎక్సార్ (బిట్లను పోల్చి, ఒకేలా ఉంటే 0, వేరైతే 1 రాసే లెక్క) చేస్తే వచ్చేదే పారిటీ కనుక, నాలుగింటిలో ఏ మూడు చేతిలో ఉన్నా నాలుగోదాన్ని లెక్కగట్టవచ్చు. పారిటీ ఎప్పుడూ ఒకే డిస్కు మీద ఉండదు, స్ట్రైపు మారిన కొద్దీ డిస్కు మారుతుంది. ఈ సంగతి తర్వాత మాకు బాగా పనికొచ్చింది.

నన్ను పిలిచే ముందు ఒక టెక్నీషియన్ వచ్చి డిస్కులను బయటికి తీసి, దుమ్ము దులిపి, తోచిన వరుసలో తిరిగి బిగించారు. అర్రే లేవకపోయేసరికి, మళ్లీ "క్రియేట్" ఆదేశం ఇచ్చి చూద్దామన్నారు. యజమాని ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకోకపోవడం వల్లనే ఈ కథకు మంచి ముగింపు దొరికిందని నా నమ్మకం. క్రియేట్ ఆదేశం ప్రతి డిస్కు మీదా కొత్త సూపర్‌బ్లాకును, అంటే అర్రే వివరాలుండే చిన్న పట్టికను, రాస్తుంది. పాతది ఏం చెబుతోందో తెలుసుకునే దారి అక్కడితో మూసుకుపోతుంది. పైగా ఎండీఆడమ్ పాత వెర్షన్లలో డేటా మొదలయ్యే చోటు వేరు, కొత్త వెర్షన్లలో వేరు. ఒకప్పుడు 2048 సెక్టార్ల (ఒక్కో సెక్టారు 512 బైట్లు) తర్వాత, అంటే 1 మెబిబైటు దగ్గర మొదలయ్యేది, ఇప్పుడు పెద్ద డిస్కుల మీద సాధారణంగా 262144 సెక్టార్లు, అంటే 128 మెబిబైట్లు వదిలి మొదలవుతుంది. చంక్ (ఒక డిస్కు మీద వరుసగా పడే ముక్క) పరిమాణం కూడా 64 కిలోబైట్ల నుంచి 512కు మారింది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, డిస్కుల వరుస తప్పినా, ఆ వెంటనే మొదలయ్యే రీసింక్ (పారిటీని మళ్లీ సరిచేసే పని) తప్పు లెక్కతో పారిటీని రాసుకుంటూ అసలు డేటాను తుడిచేస్తుంది.

అందుకని మొదటి పని నోటు పుస్తకంతోనే సాగింది. డిస్కులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేరు పెట్టి రాసుకోవడంలో అర్థం లేదు. కేబుల్ మార్చినా, పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేసినా ఆ పేర్లు మారిపోతాయి. మారనిది డిస్కు మీద ముద్రించిన సీరియల్ నంబరు ఒక్కటే. ప్రతి డిస్కుకూ ఆ నంబరు చివరి నాలుగు అంకెలు రాసిన చీటీ అంటించాము. అది ఏ కేబుల్‌కు, ఏ అరలో ఉందో ఫోటో తీసి ఉంచుకున్నాము. ఆ తర్వాత లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, అర్రే తనంతట తాను లేవలేదని, అర్రేల స్థితిని చూపే ఎండీస్టాట్ ఫైలులో చూసుకున్నాము. నాలుగు డిస్కులనూ బ్లాక్‌డెవ్ ఆదేశంతో రీడ్‌ఓన్లీగా మార్చి, ఒక్కొక్కదాని మీదా సూపర్‌బ్లాకును చదివే ఎండీఆడమ్ ఎగ్జామిన్, డిస్కు ఆరోగ్య నివేదికను (స్మార్ట్) చూపే స్మార్ట్‌సీటీఎల్ నడిపి, ఆ ఫలితాలను వేరే పెన్‌డ్రైవ్‌లో భద్రపరిచాము.

ఎగ్జామిన్ ఫలితంలో నాలుగు వరుసలు అన్నింటికన్నా ముఖ్యమైనవి: డివైస్ రోల్, అప్‌డేట్ టైమ్, ఈవెంట్స్, అర్రే స్టేట్. డివైస్ రోల్ ఆ డిస్కు అర్రేలో ఎన్నోదో చెబుతుంది. ఈ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి టెక్నీషియన్ వరుస మార్చి బిగించినా నష్టం లేకపోయింది, ఎవరి స్థానం ఏదో డిస్కులే చెప్పాయి. ఈవెంట్స్ అంటే అర్రే స్థితి మారిన ప్రతిసారీ పెరిగే లెక్క. మిగిలిన మూడు వరుసలు కలిపి చదివితే జరిగినదంతా తెలిసింది.

అర్రే స్టేట్ ఒక హాజరు పట్టీ వంటిది. ఉన్న డిస్కుకు "ఏ" అక్షరం, లేనిదానికి చుక్క. ప్రతి డిస్కూ తాను చివరిసారి అర్రేలో ఉన్నప్పుడు వేసిన హాజరునే తన మీద ఉంచుకుంటుంది, బయటపడిన తర్వాత జరిగినది దానికి తెలియదు. 3వ డిస్కు మీద "ఏఏఏఏ" అని ఉంది. అంటే దాని లెక్కలో అందరూ క్షేమమే. మొదట బయటపడినది అదేనన్నమాట. దాని అప్‌డేట్ టైమ్ చాలా నెలల పాతది, ఈవెంట్స్ సంఖ్య మిగతా వాటికన్నా ఎంతో వెనకబడి ఉంది. 1వ డిస్కు మీద "ఏఏఏ." అని ఉంది, అంటే 3వ డిస్కు అప్పటికే లేదు. 0వ, 2వ డిస్కుల మీద "ఏ.ఏ." అని ఉంది. అర్రే ఆగిపోయే వరకు మిగిలినవి ఆ రెండే. 1వ డిస్కు ఈవెంట్స్ సంఖ్యకూ వీటి సంఖ్యకూ తేడా పది లోపే.

ఏ మూడు డిస్కులతో అర్రేను కట్టాలో దీనితో తేలిపోయింది. స్మార్ట్ నివేదికను మాత్రమే చూసే మనిషి ఇక్కడ తప్పుదారి పట్టే అవకాశం ఎక్కువ. 3వ డిస్కు ఆరోగ్యం చాలా బాగుంది. మార్చవలసిన సెక్టార్లు ఒక్కటీ లేవు. 1వ డిస్కులో కరెంట్ పెండింగ్ సెక్టార్ల, అంటే చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల, సంఖ్య పెరిగి ఉంది. ఆరోగ్యం చూసి 3వ డిస్కును తీసుకొని 1వ దాన్ని వదిలేస్తే అర్రే లేస్తుంది, మౌంట్ కూడా కావచ్చు (ఫోల్డర్లు తెరుచుకోవచ్చు), కానీ కొన్ని నెలల కిందటి ముక్కలు నేటి ముక్కలతో కలిసిపోయి ఫైల్‌సిస్టమ్ అంతా కలగాపులగం అవుతుంది. జబ్బున పడిన డిస్కు మీద ఉన్నదే తాజా డేటా. దాన్నే కాపాడుకోవాలి.

1వ డిస్కుకు అంతే పరిమాణం గల కొత్త డిస్కు ఒకటి తెచ్చి, జీఎన్‌యూ డీడీరెస్క్యూతో కాపీ మొదలుపెట్టాము. మామూలు డీడీ చదవలేని చోట ఆగిపోతుంది. డీడీరెస్క్యూ మొదట సులువుగా వచ్చేదంతా తీసుకొని, మొండికేసిన చోట్లను దాటుకుంటూ పోయి, చివరన వాటి దగ్గరకు తిరిగి వస్తుంది. ఎక్కడెక్కడ చదివింది, ఎక్కడ చదవలేదు అన్నది మ్యాప్‌ఫైలులో రాసుకుంటుంది. కరెంటు పోయినా, మధ్యలో ఆపినా ఆ ఫైలు ఉంటే పని ఆగిన చోటి నుంచే మొదలవుతుంది, అది పోతే జబ్బు డిస్కును మళ్లీ మొదటి నుంచి చదివించవలసి వస్తుంది. అందుకే మ్యాప్‌ఫైలును మరో పెన్‌డ్రైవ్‌లోకి కూడా కాపీ చేస్తూ వచ్చాము. మొదటి విడత "స్క్రేప్ వద్దు" అన్న ఆప్షన్‌తో, అంటే మొండి చోట్లను గీకి చదవకుండా, రెండో విడత డైరెక్ట్ యాక్సెస్ (క్యాష్‌ను దాటి డిస్కును నేరుగా చదవడం), మూడు రీట్రైలతో నడిపాము. చివరకు చదవలేనివి కొన్ని వందల కిలోబైట్లు మాత్రమే మిగిలాయి. డిస్కు నుంచి టకటక శబ్దం వస్తుంటే మాత్రం ఇదేదీ చేయకూడదు, కరెంటు తీసేసి క్లీన్‌రూమ్ ఉన్నవారికి ఇవ్వాలి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న మాటను ఇప్పటికీ వింటుంటాను. బయటికి తీయగానే డిస్కు మీద నీటి చెమ్మ పడుతుంది, ఉన్న అవకాశమూ పోతుంది.

అర్రేను కట్టే ముందు ఇంకొక జాగ్రత్త తీసుకున్నాము. ఎండీఆడమ్ అసెంబుల్ ఆదేశానికి "ఫోర్స్" జోడిస్తే, వెనకబడిన డిస్కు ఈవెంట్స్ సంఖ్యను మిగతా వాటితో సమానం చేస్తుంది. అంటే డిస్కు మీద రాస్తుంది. ఆ రాత కూడా అసలు డిస్కు మీద పడకూడదు. అందుకని ప్రతి డిస్కుకూ వేరే చోట ఒక స్పార్స్ ఫైలు (రాసిన మేరకే చోటు తీసుకునేది) పెట్టి, డిస్కులా కనబడేలా లూప్ డివైస్‌గా మార్చి, డీఎమ్‌సెటప్ స్నాప్‌షాట్‌తో డిస్కు మీద పొరలాగా కప్పాము. చదివేటప్పుడు డేటా డిస్కు నుంచి వస్తుంది, రాసేదంతా ఆ ఫైలులోకి పోతుంది. ఏదైనా తప్పితే పొర తీసేసి కొత్త పొర వేస్తే చాలు, డిస్కు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఈ ఏర్పాటుకు కొంచెం సమయం పడుతుంది, కానీ దీని తర్వాత చేతులు వణకవు.

పొరల మీద 0వ డిస్కు, 1వ డిస్కు కాపీ, 2వ డిస్కు, ఈ మూడింటితో ఫోర్స్ అసెంబుల్ ఇచ్చాము. దానితోపాటు బ్యాడ్‌బ్లాక్ (చెడిన సెక్టార్ల) జాబితాను తీసేసే "ఫోర్స్ నో బీబీఎల్" అప్‌డేట్‌ను కూడా జోడించాము. 1వ డిస్కు సూపర్‌బ్లాకుతోపాటు ఆ జాబితా కూడా కాపీలోకి వచ్చి ఉంటుంది. దాన్ని తీసేయకపోతే, డీడీరెస్క్యూ పట్టుదలగా చదివి తెచ్చిన సెక్టార్లను సైతం చెడ్డవని ఎండీ (లినక్స్‌లోని రెయిడ్ భాగం) తిరస్కరిస్తుంది. అర్రే మూడు డిస్కులతో లేచింది. "రీడ్‌ఓన్లీ, నోలోడ్" ఆప్షన్లతో మౌంట్ చేశాము. నోలోడ్ లేకపోతే రీడ్‌ఓన్లీగా మౌంట్ చేసినా ఈఎక్స్‌టీ4 తన జర్నల్‌ను (పూర్తికాని రాతల చిట్టాను) నడిపి డిస్కు మీద రాస్తుంది. ఫోల్డర్లు సంవత్సరాల పేర్లతో తెర మీద కనబడగానే స్టూడియో కుర్రవాడు "అన్నా, మాతంగి వేషం తెరిచి చూద్దామా" అన్నాడు. ముందు అంతా కొత్త 12 టెరాబైట్ల డిస్కులోకి కాపీ కానిచ్చి, ఆ తర్వాతే తెరిచాము.

ఇక మిగిలినవి ఆ చదవలేని కొన్ని వందల కిలోబైట్లు. చాలామంది ఇక్కడ పని ముగిస్తారు. నాకు ఈ భాగమే అన్నింటికన్నా ఆసక్తికరం, కాబట్టి కొంత వివరంగా చెబుతాను.

మ్యాప్‌ఫైలులోని స్థానాన్ని 512తో భాగిస్తే సెక్టారు సంఖ్య వస్తుంది. అందులో నుంచి పార్టిషన్ మొదలయ్యే 2048, డేటా మొదలయ్యే 262144 తీసివేసి, వచ్చినదాన్ని 1024తో భాగిస్తే స్ట్రైపు సంఖ్య తెలుస్తుంది. 512 కిలోబైట్ల చంక్ అంటే 1024 సెక్టార్లు గదా. ఈ అర్రేలో పారిటీ చోటు మారే అమరిక లెఫ్ట్ సిమెట్రిక్. స్ట్రైపు సంఖ్యను 4తో భాగించగా వచ్చిన శేషాన్ని 3లో నుంచి తీసేస్తే పారిటీ ఏ డిస్కు మీద ఉందో వస్తుంది. శేషం 2 అయితే పారిటీ 1వ డిస్కు మీద, శేషం 0 అయితే 3వ డిస్కు మీద. నాలుగు డిస్కులూ ఉన్న అర్రేలో పారిటీ సెక్టారు పోతే డేటాకు నష్టమే లేదు. మా దగ్గర 3వ డిస్కు లేదు కనుక, 1వ దాని పారిటీ పోయిన చోట 3వ దాని డేటాను లెక్కగట్టే దారి లేదు. అంటే శేషం ఏదైనా ఎంతో కొంత డేటాకు దెబ్బ తగిలినట్టే.

పక్కన పెట్టిన 3వ డిస్కు మళ్లీ అక్కరకు వచ్చింది ఇక్కడే. అది నెలల పాతది, నిజమే, కానీ దాని మీది ప్రతి ముక్కా పాతబడిపోదు. పదేళ్ల కిందట రాసిన జాతర ఫైలును ఎవరూ తిరిగి రాయలేదు కదా. ఒక స్ట్రైపులో 3వ డిస్కు మీద ఉండవలసిన ముక్క అది బయటపడిన నాటి నుంచి మారకపోతే, నాలుగు డిస్కుల ఎక్సార్ నేటికీ సున్నాయే రావాలి. అప్పుడు 1వ దానిలో చదవలేని సెక్టారును మిగిలిన మూడింటి నుంచి లెక్కగట్టవచ్చు. మారిందో లేదో తెలుసుకునే ఉపాయం కూడా అక్కడే ఉంది. చదవలేని సెక్టారుకు ఇటూ అటూ, అదే చంక్‌లో చదవగలిగిన సెక్టార్లు బోలెడు ఉంటాయి. వాటిలో నాలుగు డిస్కులనూ ఎక్సార్ చేసి చూశాము. అన్నీ సున్నాలే వచ్చిన చోట 3వ డిస్కు ముక్కను నమ్మి, పోయిన 4096 బైట్లను లెక్కగట్టి, 1వ దాని కాపీ మీది పొరలో ఆ చోట రాశాము. సున్నా రాని చోట ఏమీ రాయకుండా వదిలేశాము. పని ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాముతో జరిగింది, కానీ ప్రతి స్థానాన్నీ, దాని శేషాన్నీ, ఎక్సార్ ఫలితాన్నీ పుస్తకంలో చేత్తో రాశాము. స్క్రీన్ మీద చూసినప్పుడు కనబడని పొరపాటు చేత్తో రాసేటప్పుడు కనబడుతుంది.

దిద్దలేని చోట్లు ఏ ఫైళ్లకు చెందినవో తెలుసుకోవడానికి డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని ఐచెక్, ఎన్‌చెక్ ఆదేశాలు సరిపోయాయి. మొదటిది బ్లాకు సంఖ్య నుంచి ఐనోడ్‌ను (ఫైలు వివరాల నమోదును), రెండవది ఐనోడ్ నుంచి ఫైలు పేరును చెబుతుంది. తర్వాత ప్రతి వీడియోనూ ఎఫ్ఎఫ్‌ఎమ్‌పెగ్‌తో మొదటి నుంచి చివరి వరకు డీకోడ్ చేయించి, వచ్చిన తప్పులను జాబితా రాసుకున్నాము. టేపు కాలపు డీవీ ఫైళ్లకు ఒక గొప్ప గుణం ఉంది. గంటకు దాదాపు 13 గిగాబైట్లు తిన్నప్పటికీ, ప్రతి ఫ్రేము దేనికదే పూర్తిగా ఉంటుంది. మన పాల్ (టీవీ ప్రసార) పద్ధతిలో ఒక్కో ఫ్రేము 1,44,000 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు. నడుమ 4096 బైట్లు పోతే ఒక ఫ్రేములో చిన్న పట్టీ చెదురుతుంది, సెకనులో ఇరవై అయిదో వంతు సేపు. కొత్త ఎమ్‌పీ4 ఫైళ్లలో అలా కాదు. ముందూ వెనుకా ఫ్రేముల మీద ఆధారపడతాయి కనుక మచ్చ కొన్ని సెకన్లు సాగుతుంది, సూచిక ఉండే మూవ్ భాగం దెబ్బతింటే ఫైలే తెరుచుకోదు. అదృష్టవశాత్తూ దిద్దలేని చోట్లు ఇటీవలి పెళ్లి వీడియోలలో, అవి కూడా ఫైళ్ల నడుమ పడ్డాయి. జాతర ఫోల్డర్లన్నీ తప్పు లేకుండా డీకోడ్ అయ్యాయి.

ఆరోగ్యంగా ఉన్న 3వ డిస్కు అసలు ఎందుకు బయటపడిందన్న ప్రశ్నకు కూడా సమాధానం దొరికింది. డెస్క్‌టాప్ డిస్కు ఒక సెక్టారు చదవలేనప్పుడు నిమిషానికి పైగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోవచ్చు. లినక్స్ కెర్నెల్ మాత్రం 30 సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత లింకును రీసెట్ చేస్తుంది, డిస్కు ఇంకా పలకకపోతే రెయిడ్ దాన్ని తొలగిస్తుంది. నాస్ (నెట్‌వర్క్ నిల్వ పెట్టె), సర్వర్ రకం డిస్కులు సాధారణంగా 7 సెకన్లలోనే చేతులెత్తేసి "చదవలేను" అని చెబుతాయి, అప్పుడు రెయిడ్ మిగతా డిస్కుల నుంచి లెక్కగట్టి ఆ సెక్టారును తిరిగి రాయిస్తుంది. స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీ ఈఆర్‌సీ అనే చోట ఈ గడువును చూడవచ్చు. స్టూడియో డిస్కులు ఆ సౌకర్యాన్ని ఒప్పుకోవు. అలాంటి డిస్కులనే రెయిడ్‌లో వాడక తప్పకపోతే, ప్రతిసారీ బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ గడువును 180 సెకన్లకు పెంచే యూడెవ్ (డిస్కుల వంటి పరికరాలను గుర్తించే లినక్స్ భాగం) నియమం పెట్టుకోవాలి. అర్రేలో ఒక డిస్కు తగ్గిందని నెలల తరబడి ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఇంకా మామూలుది: ఎండీఆడమ్ హెచ్చరిక మెయిల్ ఆ కంప్యూటరులోని రూట్ (నిర్వాహకుడి) ఖాతాకే పోతూ ఉంది, దాన్ని తెరిచేవారు లేరు.

పని పూర్తయ్యాక రెండు పత్రాలు తయారుచేశాము. ఒకటి నా వంటి వారి కోసం: ఎగ్జామిన్ ఫలితాలు, మ్యాప్‌ఫైలు, నడిపిన ఆదేశాలు నడిపిన వరుసలో, దిద్దిన స్థానాలు, దిద్దలేని స్థానాలు, వాటికి చెందిన ఫైళ్ల పేర్లు. రెండవది స్టూడియో వారి కోసం తెలుగులో రాసిన ఒకే పేజీ. ఏ సీరియల్ నంబరు డిస్కు ఏ అరలో ఉంది, హెచ్చరిక సందేశం ఎలా ఉంటుంది, అది వస్తే మొదట ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఆదేశాన్ని ఎవరు చెప్పినా నడపకూడదు అన్నవి అందులో ఉన్నాయి. దాన్ని ల్యామినేషన్ చేయించి క్యాబినెట్ తలుపు లోపలి వైపు అంటించారు. నా అభిప్రాయంలో రెండో పత్రం రాయడమే కష్టం. కంప్యూటరు తెలియని మనిషి కంగారులో ఉన్నప్పుడు చదివినా అర్థమయ్యేలా రాయాలి. యజమాని భార్య చదివి అర్థం కాలేదన్న ప్రతి వాక్యాన్నీ మార్చి రాశాము.

ఇప్పుడు స్టూడియోలో 12 టెరాబైట్ల నాస్ రకం డిస్కులు రెండు రెయిడ్ 1గా, అంటే ఒకదాని మీద ఉన్నదే రెండోదాని మీదా ఉండేలా, నడుస్తున్నాయి. ఇంత చిన్న చోట నాలుగు డిస్కుల రెయిడ్ 5 కన్నా ఇదే మేలని నా సలహా, ఏ ఒక్క డిస్కు మిగిలినా అందులో మొత్తం డేటా ఉంటుంది, ఎక్సార్ లెక్కలు అవసరం ఉండదు. కాపీ పెట్టిన మూడో డిస్కు చిత్తూరులోని వారి బంధువుల ఇంట్లో ఉంది, ప్రతి జాతర తర్వాత తెచ్చి కొత్తవి ఎక్కించి తిరిగి పంపుతారు. హెచ్చరిక మెయిల్ యజమాని ఫోనుకు వచ్చేలా మార్చి, ఎండీఆడమ్ మానిటర్ టెస్ట్ ఆదేశంతో ఆయన ఎదుటే పరీక్షించాము. డెబియన్ ప్రతి నెలా మొదటి ఆదివారం అర్రే మొత్తాన్ని చదివి సరిచూస్తుంది. మొదటి తనిఖీ తర్వాత మిస్‌మ్యాచ్ కౌంట్ (తేడా వచ్చిన సెక్టార్ల లెక్క) సున్నా అని కుర్రవాడు స్క్రీన్ ఫోటో తీసి పంపాడు, ఆ తేదీని కూడా ఆ పేజీ కింద రాయించాము.